అన్నం ఎన్నింటికొస్తుందో ముందే చెప్పు

అమ్మలూ,

తుఫాను వస్తే మీ స్కూల్లో పెట్టే పునరావాస కేంద్రంలో పిల్లల బాధ్యత నీకు అప్పగించారటగా. టెన్షన్‌తో నీకు నిద్ర పట్టడం లేదని మీ నాన్న చెప్పాడు. "పెద్దవాళ్ళు పక్కన లేకపోతే అరవై మంది పిల్లలు ఒకరినొకరు పీక్కు తినరా?" అని అడిగావట. పీక్కు తినరు. కానీ ఒకరి నోటి దగ్గరది ఒకరు లాక్కునే రోజు రావచ్చు. అది ఎలా వస్తుందో నేను చూశాను.

1977 నవంబరు 19న దివిసీమ ఉప్పెన వచ్చేనాటికి నేను డిగ్రీ రెండో సంవత్సరం. నాలుగో రోజున కాలేజీ వాళ్ళం పదిమందిమి లారీలో అవనిగడ్డ చేరాం. సొర్లగొంది, పాలకాయతిప్ప, హంసలదీవి వైపు నుంచి వచ్చినవాళ్ళు చెబుతుంటే వినలేక చెవులు మూసుకున్నాను. మమ్మల్ని ఒక ఊరి బడికి పంపారు. అందులో నలభై మంది పిల్లలు. బతికిన పెద్దవాళ్ళంతా తమవాళ్ళ శవాల కోసం పొలాలమ్మట తిరుగుతున్నారు. పిల్లల్ని చూసే నాథుడు లేడు.

పదమూడేళ్ళ కుర్రాడొకడు హెలికాప్టరు జారవిడిచిన రొట్టెల బస్తా మీద కూర్చుని ఉన్నాడు. అటొకడు ఇటొకడు కాపలా. చిన్నపిల్లలు తువ్వాలో, గాజో, గోలీలో ఇస్తే గానీ రొట్టె ముక్క చేతిలో పెట్టడు. మా జట్టులో ఒకాయనకి ఒళ్ళు మండి, వాడి చెంప ఛెళ్ళుమనిపించి బస్తా లాగేశాడు. బాగా అయింది అనుకున్నాను నేను కూడా. పావుగంటలో బస్తా ఖాళీ. తోపులాటలో ఒక పిల్లకి మోచెయ్యి విరిగింది.

ఆ రాత్రి నా పక్కన పడుకున్న ఏడేళ్ళది చెప్పింది, నీళ్ళొచ్చినప్పుడు తననీ తమ్ముణ్ణీ తుమ్మచెట్టు ఎక్కించింది ఆ అన్నేనని. ముళ్ళు గీరుకుపోయిన వాడి చేతులు అప్పుడు గుర్తొచ్చాయి నాకు. రెండ్రోజులు మెతుకు లేదు. మూడో రోజు ఒక్క బస్తా పడింది. ఇంకోటి ఎప్పుడు పడుతుందో, అసలు పడుతుందో లేదో వాడికి చెప్పినవాళ్ళు లేరు. నీకూ నాకూ చెప్పకపోయినా మనమూ బస్తా మీదే కూర్చుంటాం.

మర్నాడు బియ్యం వచ్చాయి. వాడు వెళ్ళి ఆ బస్తా మీద కూడా కూర్చున్నాడు. ఈసారి లేపలేదు. రైలుపట్టా ముక్క ఒకటి గంటలా వేలాడదీసి, పొద్దున ఎనిమిదికి గంజి, ఒంటిగంటకి అన్నం, రాత్రి ఏడింటికి అన్నం అని అందరికీ చెప్పాం. మూడో గంట కూడా చెప్పిన టైముకే మోగాక వాడు లేచి, గోడవారన పడుకుని, మర్నాడు సాయంత్రం దాకా నిద్రపోయాడు.

అందుకని నీ మొదటి పని వంట కూడా కాదు. గోడ మీద సుద్దతో టైములు రాయి. అన్నం ఆలస్యమైతే ఆ సంగతి కూడా ముందే చెప్పు. అబద్ధం మాత్రం ఆడకు. "ఇప్పుడే వస్తోంది" అని రెండుసార్లు అని రాకపోతే ఇక నీ మాట వినరు. 2024 సెప్టెంబరులో బుడమేరుకి గండిపడి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు చూశావుగా, పాల పాకెట్లు తెచ్చిన పడవ చుట్టూ ఎవరు ఎగబడ్డారు? పెద్దవాళ్ళే!

పన్నెండు దాటిన మగపిల్లలకి పని చెప్పు. నీళ్ళు మోయడం, చాపలు వేయడం, గంట కొట్టడం. చేతికి బెత్తమిచ్చి మానిటర్‌ని చేయకు, అది చిన్నప్పటి మన బళ్ళో కూడా పనికిరాలేదు. వడ్డించే గరిటె ఏ ఒక్కడి చేతిలోనూ రెండు పూటలకు మించి ఉండకూడదు. ఆడపిల్లలకి బాత్రూం దారిలో రాత్రంతా లైటు వెలగాలి, జనరేటర్ లేకపోతే టార్చితో నువ్వే వెళ్ళు. అన్నదమ్ముల్ని, అక్కచెల్లెళ్ళని విడదీసి పడుకోబెట్టకు.

కొట్టుకుంటే? పసిఫిక్ మహాసముద్రంలోని టోంగా దీవుల్లో ఆరుగురు కుర్రాళ్ళ కథ చెబుతాను. 1965లో హాస్టలు చదువు విసుగొచ్చి ఒక జాలరి పడవ అడక్కుండా తీసుకుని సముద్రం మీదికి పోయారు. తెరచాప చిరిగింది, చుక్కాని విరిగింది. ఎనిమిది రోజులు కొట్టుకుపోయి అటా అనే నిర్జన దీవికి చేరారు. పదిహేను నెలలు అక్కడే. ఇద్దరిద్దరు చొప్పున తోట పని, వంట, కాపలా వంతులేసుకున్నారు. రాజేసిన నిప్పు ఆరిపోనివ్వలేదు. ఒకడి కాలు విరిగితే కర్రలతో కట్టు కట్టి, వాడి పని మిగతావాళ్ళు చేశారు. గొడవపడితే ఇద్దరూ దీవిలో చెరోవైపూ పోయి, కోపం చల్లారాక వచ్చి క్షమాపణ చెప్పుకోవాలి. 1966 సెప్టెంబరులో ఒక ఆస్ట్రేలియా పడవ వాళ్ళకి దొరికారు. ఇంటికి రాగానే పడవ దొంగతనం కింద అరెస్టు చేశారట, అదీ మన పెద్దల నిర్వాకం! నువ్వూ కొట్టుకున్నవాళ్ళని వరండా ఆ చివరొకణ్ణి, ఈ చివరొకణ్ణి కూర్చోబెట్టు. వెంటనే విచారణ పెట్టకు. అయితే వాళ్ళు ఆరుగురూ స్నేహితులు, ఒకే బడి, ఒకే ప్రార్థన. నీ దగ్గరికొచ్చే అరవై మందీ ఒకరి మొహం ఒకరు ఎరగరు. కాబట్టి మొదటి రెండ్రోజులు వాళ్ళంతట వాళ్ళే సర్దుకుంటారని వదిలేయకు.

నేను ఎక్కువ భయపడేది లోపలి పిల్లల గురించి కాదు, బయటి నుంచి వచ్చేవాళ్ళ గురించి. అప్పట్లో ఒకడు మేనమామనంటూ వచ్చి అక్కాతమ్ముళ్ళని తీసుకుపోబోయాడు. ఆ పిల్ల ఏడవకుండా, మాట్లాడకుండా నా కొంగు పట్టుకుంది. అప్పుడు అనుమానమొచ్చి ఇంటిపేరు అడిగితే నీళ్ళు నమిలాడు. పిల్లని పక్కకి తీసుకెళ్ళి విడిగా అడుగు. వచ్చినవాణ్ణి విడిగా అడుగు. ఆధారు కార్డు, ఊళ్ళో తెలిసినవాళ్ళ సాక్ష్యం లేకుండా ఎవరికీ అప్పగించకు, ఎంత పెద్దమనిషైనా సరే. తల్లిదండ్రులు తెలియని పిల్ల ఉంటే పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చెయ్యి. 24 గంటల్లోపు బాలల సంక్షేమ కమిటీ ముందు హాజరుపరచాలని చట్టమే ఉంది. "మేం పెంచుకుంటాం" అని కన్నీళ్ళతో వచ్చే మంచివాళ్ళని కూడా ఆ కమిటీ దగ్గరికే పంపు.

చిన్నవాళ్ళకి అమ్మ పేరు అడిగితే "అమ్మ" అంటారు. మీ ఇంటి ముందు ఏ చెట్టుంది, ఏ గుడికి వెళ్తారు, అమ్మని నాన్న ఏమని పిలుస్తాడు అని అడుగు. ముద్దుపేరు కూడా రాసుకో. పుస్తకం తడవకుండా పాలిథిన్ కవర్లో పెట్టు, ఫోన్లో ఫోటో తీసుకో. ఆ ఫోటోలు గ్రూపుల్లో మాత్రం పెట్టకు, పెట్టేవాళ్ళని పెట్టనివ్వకు.

గంట సంగతి మర్చిపోకు. మీ స్కూల్లో కరెంటు బెల్లే ఉంటే తుఫాను రోజు మోగదు. మన పాత పెరట్లో ఇత్తడి గంట ఉంది, నాన్నతో పంపిస్తున్నాను. నాలుక కాస్త వదులుగా ఉంది, తీగతో కట్టించుకో.

అత్తయ్య