వీలునామా ఆస్తి ‘నాకు వద్దు’ అంటే అది చెల్లెలికి చేరుతుందా?

సందేహం: మాది శ్రీకాకుళం జిల్లా నరసన్నపేట దగ్గర పల్లె. నాన్నగారు నిరుడు కాలం చేశారు. జూట్ మిల్లు జీతంతో కొన్న ఆస్తికి ఆయన రిజిస్టరు వీలునామా రాశారు. వంశధార ఎడమ కాలువ కింద 1.20 ఎకరాల పల్లం, పెంకుటిల్లు నాకు రాసి, ఆ భూమి తనఖా మీద సహకార సంఘంలో తెచ్చిన 1,60,000 రూపాయల అప్పు నేనే తీర్చాలనీ, భూమి రాబడిలోంచి అమ్మకు నెలకు 3,000 ఇవ్వాలనీ అదే పేరాలో రాశారు. వేరే పేరాలో 1,00,000 రూపాయల పోస్టాఫీసు డిపాజిట్టు కూడా నాకే ఇచ్చారు. చెల్లెలికి 60 సెంట్ల కొబ్బరి తోట ఇచ్చారు. ఆయనతో మాటలు మానేసిన అన్నయ్యకు ఏమీ ఇవ్వలేదు. ఇవి కాక మిగిలినవి ఎవరికి చెందాలన్న మాట వీలునామాలో లేదు. నేను విశాఖపట్నంలో స్థిరపడ్డాను, అమ్మను చూసుకుంటున్నది చెల్లే. కాబట్టి ఇల్లు, పల్లం నాకు వద్దని తెల్ల కాగితం మీద రాసిస్తే అవి చెల్లెలికి వెళ్తాయా? నాన్నగారు బతికుండగానే, రెండేళ్ల కిందట, అలాంటి కాగితం ఒకటి రాసి ఆయన చేతికిచ్చాను. ఈ సంక్రాంతికి కౌలు రైతు నా ఖాతాలో 9,000 వేస్తే అమ్మకు పంపేశాను. అప్పు నా మీద పడుతుందా? డిపాజిట్టు మాత్రం ఉంచుకోవచ్చా?

సలహా: మీ ఉద్దేశం మంచిది, కానీ మీరు ఎంచుకున్న దారి ఆ ఉద్దేశానికి ఎదురు నడుస్తుంది. వీలునామా ద్వారా వచ్చిన ఆస్తిని వద్దనడం ఒక పని, దాన్ని ఫలానా వారికి ఇవ్వడం మరొక పని. మన జిల్లాల కుటుంబాల్లో ఈ రెంటినీ ఒకటిగా భావించడం వల్లనే అన్నదమ్ముల మధ్య, అక్కచెల్లెళ్ల మధ్య చాలా దావాలు పుడుతున్నాయి. అందుకే ఈ విషయాన్ని కొంచెం వివరంగా చెప్పవలసి ఉంది.

ముందుగా నాన్నగారి జీవితకాలంలో మీరు రాసిచ్చిన కాగితం సంగతి చూద్దాం. వీలునామా రాసిన వ్యక్తి మరణించిన తరువాతే అది అమలులోకి వస్తుంది, అంతవరకు ఆయన దాన్ని ఎన్నిసార్లయినా మార్చుకోవచ్చు, పూర్తిగా రద్దు చేసుకోవచ్చు. కాబట్టి ఆ కాగితం రాసిన నాటికి మీకు ఆ ఆస్తిలో ఉన్నది ఆశ మాత్రమే తప్ప హక్కు కాదు. రేపు వారసుడిగా ఆస్తి రావచ్చునన్న ఆశను బదిలీ చేయడం కుదరదని 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం 6వ సెక్షను (ఎ) క్లాజు చెబుతోంది. ఆ రోజు దానికి ప్రతిఫలంగా మీరు నాన్నగారి నుంచి డబ్బో, మరో ఆస్తో పుచ్చుకుని ఉంటే ఆలోచించవలసిన విషయం వేరేగా ఉండేది. మీ లేఖలో అలాంటిదేమీ కనిపించలేదు గనుక ఆ కాగితానికి చట్టరీత్యా విలువ లేదనే భావించండి.

ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. వీలునామా ద్వారా ఇచ్చినదాన్ని పుచ్చుకోమని ఎవరినీ బలవంతపెట్టే వీలు లేదు, కాబట్టి స్వీకరించక ముందు మీరు దాన్ని నిరాకరించవచ్చు. అయితే నిరాకరించిన ఆస్తి ఎవరికి వెళ్లాలో నిర్ణయించే అధికారం నిరాకరించిన వ్యక్తికి ఉండదు. ఆ ఆస్తి అసలు మీకు రాయనట్టే అవుతుంది. వీలునామాలో ‘మిగిలిన ఆస్తి అంతా ఫలానా వారికి’ అన్న నిబంధన ఉంటే ఆ మిగులులో కలుస్తుంది, అది లేకపోతే వీలునామా లేని ఆస్తిగా మారి వారసులందరికీ చెందుతుంది. లబ్ధిదారు ముందే మరణించి వీలునామా కానుక చెల్లకుండా పోయిన సందర్భంలో 1925 నాటి భారత వారసత్వ చట్టం 105వ సెక్షను ఈ సూత్రాన్నే చెబుతోంది. నిరాకరించిన ఆస్తి ఎవరికి చెందాలో చెప్పే ప్రత్యేక సెక్షను ఆ చట్టంలో లేదు గనుక ఇక్కడా అదే సూత్రాన్ని అన్వయించుకోవాలి.

మీ నాన్నగారి వీలునామాలో మిగులు నిబంధన లేదని మీరే రాశారు. అందుచేత మీరు వద్దన్న మరుక్షణం ఆ ఇల్లు, పల్లం 1956 నాటి హిందూ వారసత్వ చట్టం 8వ సెక్షను ప్రకారం మొదటి తరగతి వారసులకు, అంటే మీ అమ్మగారికి, మీ అన్నయ్యకు, మీకు, మీ చెల్లెలికి చెరి నాలుగో వంతుగా చేరుతాయి. (నాన్నగారి తల్లిగారు జీవించి ఉంటే ఆవిడకూ సమాన వాటా వచ్చి అయిదు భాగాలవుతాయి.) ఏ అన్నయ్యకు ఏమీ ఇవ్వకూడదని నాన్నగారు నిశ్చయించుకున్నారో ఆ అన్నయ్యకే మీ నిరాకరణ వల్ల పావు వంతు దక్కుతుంది, మీరు మొత్తం ఇవ్వాలనుకున్న చెల్లెలికి కూడా వచ్చేది పావు వంతే. అంతేకాదు, వీలునామా హక్కు వద్దన్నా వారసుడిగా మీకు వచ్చే పావు వంతు మీ మీదే ఉండిపోతుంది, ఎందుకంటే వారసత్వ హక్కు ఎవరి అంగీకారంతోనూ పని లేకుండా మరణంతోనే సంక్రమిస్తుంది. దాన్ని వదులుకోవాలంటే హక్కు విడుదల దస్తావేజు రాసి రిజిస్టరు చేయించాలి. వంద రూపాయలు, అంతకు మించిన విలువ గల స్థిరాస్తిలో హక్కును వదులుకునే పత్రానికి 1908 నాటి రిజిస్ట్రేషను చట్టం 17వ సెక్షను ప్రకారం రిజిస్ట్రేషను తప్పనిసరి. తెల్ల కాగితం మీద ఎంత మంది పెద్దమనుషులు సంతకం చేసినా ఆ లోటు తీరదు.

తాము వద్దంటే ఆస్తి తమ పిల్లలకు వెళ్తుందని కొందరు నమ్ముతారు. అది కూడా సరికాదు. వీలునామా రాసిన వ్యక్తి కంటే ముందే ఆయన కొడుకో కూతురో మరణించి, వారికి సంతానం మిగిలి ఉంటే కానుక చెల్లకుండా పోదని చెప్పే భారత వారసత్వ చట్టం 109వ సెక్షను మరణానికి సంబంధించినదే తప్ప నిరాకరణకు సంబంధించినది కాదు.

మీరు ఇప్పటికే స్వీకరించారా లేదా అన్నది మరో చిక్కు. స్వీకారానికి సంతకమే అక్కర్లేదు, నడవడికే చాలు. కౌలు తీసుకోవడం, పట్టాదారు పాసు పుస్తకం తన పేరు మీదికి మార్పించుకోవడం, ఇంటిపన్ను తన పేరున కట్టడం స్వీకారంగానే కనిపిస్తాయి. మీ ఖాతాలో పడిన 9,000 మీరు వెంటనే అమ్మగారికి పంపడం మీకు కొంత అనుకూలమే. అయినా ఆమెకు నెలనెలా ఇవ్వవలసిన బాధ్యతను నెరవేర్చడానికే పంపారని ఎదుటివారు వాదించే అవకాశం ఉంది, అప్పుడు అదే స్వీకారానికి రుజువుగా నిలుస్తుంది. ఈ పరిస్థితిలో ‘నేను ఎన్నడూ స్వీకరించలేదు’ అన్న మాట మీద ఆధారపడి ఏ పత్రమూ రాయవద్దని నా సలహా.

నిజానికి మీకు ఆ మాట అవసరం కూడా లేదు. ఆస్తి చెల్లెలికే పూర్తిగా చేరాలన్నది మీ కోరిక అయినప్పుడు, ముందు వీలునామా ప్రకారం దాన్ని స్వీకరించి, తరువాత చెల్లెలి పేర రిజిస్టరు సెటిల్‌మెంట్ దస్తావేజు లేదా దాన దస్తావేజు రాయడమే సరైన మార్గం. అప్పుడు అది మీ సొంత ఆస్తి గనుక ఎవరికి ఇవ్వాలన్నది పూర్తిగా మీ ఇష్టం, అన్నయ్యకు అందులో వాటా అడిగే ఆధారం ఉండదు. స్థిరాస్తి దానానికి రిజిస్ట్రేషను, కనీసం ఇద్దరు సాక్షుల సంతకాలు, మీ జీవితకాలంలోనే చెల్లెలి స్వీకారం ఉండాలి. స్టాంపు సుంకం కుటుంబ సభ్యుల మధ్య సెటిల్‌మెంట్లకు బయటివారికి ఇచ్చే దానికంటే తక్కువగా ఉంటుంది, దస్తావేజు రాయించే రోజున అమల్లో ఉన్న రేటు సబ్ రిజిస్ట్రారు కార్యాలయంలో కనుక్కోండి. ఆ ఖర్చుకు వెనకాడి తెల్ల కాగితంతో సరిపెడితే, రేపు మీ చెల్లెలు ఆ భూమి మీద అప్పు తెచ్చుకోవాలన్నా, అమ్మాలన్నా చేతిలో హక్కు పత్రం లేక నిలబడిపోవలసి వస్తుంది. ఇంకొక మాట: పూర్తయిన దానాన్ని మనసు మారిందని రద్దు చేసుకోవడం కుదరదు. మీ భార్యాబిడ్డలతో మాట్లాడి నిశ్చయించుకున్నాకే సంతకం పెట్టండి.

అప్పు విషయానికి వస్తే, స్వీకరించిన పక్షంలో ఆ 1,60,000 మీ బాధ్యతే. వీలునామా రాసిన వ్యక్తి స్వయంగా తనఖా పెట్టిన ఆస్తిని స్వీకరించే లబ్ధిదారు ఆ తనఖాతో సహా స్వీకరించాలని భారత వారసత్వ చట్టం 167వ సెక్షను చెబుతోంది, మీ నాన్నగారు ఆ మాటను వీలునామాలోనే స్పష్టంగా రాశారు కూడా. బాధ్యతతో కూడిన కానుకను పూర్తిగా స్వీకరిస్తే తప్ప అందులో ఏదీ దక్కదని 122వ సెక్షను అంటోంది గనుక, ఇల్లు ఉంచుకుని అప్పున్న పల్లం మాత్రం వద్దనడం గాని, పల్లం తీసుకుని అమ్మగారి 3,000 ఎగ్గొట్టడం గాని కుదరదు. నిరాకరిస్తే మీ సొంత సంపాదన మీద సంఘానికి హక్కు రాదు, కానీ భూమి మీద తనఖా అలాగే ఉంటుంది, ఆ భూమిలో వారసుడిగా మీకు వచ్చే పావు వంతూ దానికి లోబడే ఉంటుంది.

పోస్టాఫీసు డిపాజిట్టు మాత్రం మీరు ఉంచుకోవచ్చు. ఒకే వ్యక్తికి రెండు వేర్వేరు, ఒకదానితో ఒకటి ముడిపడని కానుకలు ఇచ్చినప్పుడు, లాభమున్నదాన్ని తీసుకుని భారమున్నదాన్ని వదులుకోవచ్చునని 123వ సెక్షను అనుమతిస్తోంది. వీలునామాలో డిపాజిట్టు వేరే పేరాలో, ఏ షరతూ లేకుండా ఉందని మీరు రాసినదాన్ని నమ్మి ఈ మాట చెబుతున్నాను. ఒకవేళ ‘పై బాధ్యతలు నెరవేర్చే నిమిత్తం’ వంటి పదాలు ఆ పేరాలో ఉంటే రెండూ ఒకటే కానుక కింద లెక్కకు వస్తాయి, అందుచేత అసలు పత్రాన్ని అక్షరం అక్షరం చదివించుకోండి.

మీ అమ్మగారి గురించి ఎవరూ అడగలేదు గనుక నేనే చెప్పాలి. మీరు నిరాకరించి భూమి నాలుగు వాటాలయితే, ఆ నెలకు 3,000 ఎవరు ఇవ్వాలన్నది వివాదంలో పడుతుంది, ఆ వయసులో ఆవిడ దాని కోసం ముగ్గురు పిల్లల ముఖాలు చూడవలసి వస్తుంది. సెటిల్‌మెంట్ దస్తావేజులో ఆ మొత్తాన్ని భూమి రాబడిలోంచి చెల్లెలు ఇవ్వాలనీ, అమ్మగారు జీవించినంతకాలం పెంకుటింట్లో ఉండే హక్కు ఆవిడకు ఉంటుందనీ స్పష్టంగా రాయించండి. సహకార సంఘం అప్పును ఎవరు తీర్చాలో కూడా అందులోనే ఉండాలి. వీలైతే రిజిస్ట్రేషనుకు ముందే అప్పు తీర్చి తనఖా రద్దు చేయించండి, లేదంటే సంఘం రాతపూర్వక సమ్మతి తీసుకున్నాకే బదిలీ చేయండి.

చివరగా క్రమం. మన జిల్లాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేటు (వీలునామాను కోర్టు ధ్రువీకరించడం) తప్పనిసరి కాదు గనుక, మరణ ధ్రువపత్రం, వీలునామా జతపరిచి పల్లం మీ పేరు మీదికి మ్యుటేషనుకు (రెవెన్యూ రికార్డుల్లో పేరు మార్పుకు) దరఖాస్తు పెట్టండి. అన్నయ్య అభ్యంతరం తెలిపితే రెవెన్యూ అధికారులు హక్కును తేల్చలేరు, సివిల్ కోర్టుకు వెళ్లవలసి వస్తుంది. అక్కడ రిజిస్టరయిన వీలునామా అయినా సాక్షి సంతకం చేసినవారిలో కనీసం ఒకరిని పిలిపించి రుజువు చేయాలి. ఆ ఇద్దరు సాక్షులు ఇప్పుడు ఎక్కడ ఉన్నారో, ఎలా ఉన్నారో ఈ వారంలోనే కనుక్కోండి. వన్‌-బి, అడంగల్‌లో (రెవెన్యూ భూమి రికార్డుల్లో) మీ పేరు ఎక్కిన తరువాతే చెల్లెలి పేర దస్తావేజు రాయించండి, అంతవరకు వచ్చే కౌలును అమ్మగారి ఖాతాకు పంపుతూ ప్రతిసారీ రసీదు దాచుకోండి.