అల్లుడి ఊరి రిజిస్టర్లు తిరగేసే ముందు

చిట్టితల్లీ,

అల్లుడి వంశవృక్షం గీయడానికి ఇంగ్లండ్‌లోని డెర్బీషైర్ పల్లెకు బయల్దేరుతున్నావని మీ అమ్మ చెప్పింది. చర్చికి పరిగెత్తకు. అక్కడి పాత బాప్టిజం, పెళ్లి, ఖననాల పుస్తకాలు చాలావరకు మాట్‌లాక్‌లోని కౌంటీ రికార్డ్ ఆఫీసుకు చేరాయి. ముందే కనుక్కుని వెళ్లు, పెన్సిల్ పట్టుకెళ్లు, పెన్ను లోపలికి రానివ్వరు.

తెలిసిన తాత దగ్గర మొదలుపెట్టి వెనక్కే వెళ్లాలి. 1837 జులై నుంచి సర్కారు జనన మరణ సర్టిఫికెట్లున్నాయి. 1841 జనాభా లెక్కల్లో పేర్లు దొరుకుతాయి కానీ, పెద్దవాళ్ల వయసును ఐదుల్లోకి తగ్గించి రాయడం అప్పటి పద్ధతి. 34 ఏళ్లవాడు 30గా కనిపిస్తాడు. అంతకు ముందైతే 1538 నుంచి మొదలైన చర్చి రిజిస్టర్లే దిక్కు. అందులో ఉండేది బాప్టిజం తేదీ, పుట్టినరోజు కాదు.

1730 మేలో పెళ్లి, 1730 ఫిబ్రవరిలో బిడ్డకు బాప్టిజం అని కనిపిస్తే కంగారు పడకు. 1752కు ముందు అక్కడ కొత్త సంవత్సరం మార్చి 25న వచ్చేది, దాదాపు మన ఉగాది రోజుల్లోనే. ఆ ఫిబ్రవరి మన లెక్కలో 1731. తొమ్మిది నెలలూ సరిపోయాయి, ఎవరి పరువూ పోలేదు!

అసలు తంటా పేర్లతో. ఊరినిండా జాన్‌లూ మేరీలే. ఒకసారి మా పక్కింటావిడ కోసం 1791లో బాప్టిజమైన ఒక జాన్ మీద రెండేళ్లు చెట్టు పెంచాను. చివరికి ఖననాల పుస్తకం తిప్పితే, ఆ బిడ్డ మూడు వారాలకే పోయాడు. ఆవిడ పూర్వీకుడు పక్క ఊరి జాన్! ఆవిడకు ఫోన్ చేయడానికి వారం పట్టింది నాకు. కాబట్టి బాప్టిజం దొరికిన ప్రతి పేరుకీ ఖననాలు కూడా చూడు. పోయిన బిడ్డ పేరే తర్వాతివాడికి పెట్టడం అక్కడ మామూలే.

1813 నుంచి అచ్చు ఫారాలు వచ్చాయి, బాప్టిజంలో తండ్రి వృత్తీ రాశారు. ఇండెక్స్‌లో పేరు దొరికినా ఆగకు, అసలు పేజీ తెరువు. 1754 నుంచి పెళ్లి రిజిస్టర్లో వధూవరులు సంతకం పెట్టాలి, రానివాళ్లు ఇంటూ గుర్తు గీసేవారు. ఆ వంకర గీత పక్కన వాళ్ల పేరును ఫాదరీ రాసి ఉంటాడు. ఫోటోకి పర్మిషన్ అడుగు, ఫీజు అడిగితే కట్టు. మీ అత్తగారికి ముందు అదే చూపించు.

మీ మామయ్య