అప్‌డేట్ డిజైన్ రాస్తున్న శిరీషకు

బెంగళూరు

చి. శిరీషకు,

బిల్లింగ్ మిషన్ల ఆటో అప్‌డేట్ మీద నువ్వు పంపిన డిజైన్ చదివాను. "హెచ్‌టీటీపీఎస్ వాడుతున్నాం కాబట్టి భద్రం" అని మొదటి పేజీలోనే తేల్చేశావు. హెచ్‌టీటీపీఎస్ కాపాడేది దారిలో వెళ్లే డేటానే. ఆ వాక్యం కొట్టేసి, సర్వర్ ఇప్పటికే దొంగల పాలైందనుకుని మళ్లీ మొదలుపెట్టు. 2017లో నాట్‌పెట్యా అనే మాల్‌వేర్ పాకింది ఉక్రెయిన్ అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ ఎం.ఈ.డాక్ సొంత అప్‌డేట్ల ద్వారానే.

అప్‌డేట్ మీదేనని డిజిటల్ సంతకం చేసే కీని, అంటే రిలీజ్ కీని, ఆ సర్వర్‌లోనే పెడితే దొంగచేతికి తాళాలిచ్చినట్టే. దాన్ని మార్చగల పై కీలు (రూట్ కీలు) అయిదు చేసి, అయిదుగురి దగ్గర ఆఫ్‌లైన్‌లో ఉంచు. ఏ మూడు కలిసినా సరిపోవాలి. (కోడ్‌ను ప్రోగ్రాంగా మార్చే బిల్డ్ మిషనే దొంగల పాలైతే ఏ సంతకమూ కాపాడదు. సోలార్‌విండ్స్ అనే సాఫ్ట్‌వేర్ కంపెనీలో జరిగిందదే. దాని గురించి ఇంకో ఉత్తరం రాస్తాను.)

పాత వెర్షన్ మీదా ఉండేది మీ సంతకమే కదా! లొసుగున్న పాత ఫైలిస్తే మిషన్ మారుమాట్లాడకుండా ఎక్కించేసుకుంటుంది. అందుకని వెర్షన్ నంబరు, హ్యాష్ (ఫైలు వేలిముద్ర లాంటిది), సైజు, గడువు తేదీ అన్నీ సంతకమున్న మెటాడేటాలో, అంటే ఫైలు వివరాల పత్రంలో, ఉండాలి. సైజు రాయకపోతే ఆగని డౌన్‌లోడ్‌తో డిస్క్ నింపేస్తారు. గడువు లేకపోతే కొత్త అప్‌డేట్ వచ్చినట్టే తెలియనివ్వరు. బ్యాటరీ అయిపోయిన గడియారం 1970 చూపిస్తే మాత్రం ఏ గడువూ తీరదు. చివరిసారి ఒప్పుకున్న మెటాడేటా తేదీని దాచుకుని, గడియారం అంతకంటే వెనకుంటే నమ్మొద్దు. అప్‌డేట్ల భద్రత కోసమే ఉన్న టఫ్ (ది అప్‌డేట్ ఫ్రేమ్‌వర్క్)లో ఇందులో చాలా భాగం ఉంది, సొంత పద్ధతి కనిపెట్టకు.

నీ బొమ్మలో టెంప్ ఫోల్డర్‌లో సరిచూసిన ఫైలును తర్వాత అడ్మిన్ సర్వీస్ ఇన్‌స్టాల్ చేస్తోంది. ఆ సందులో ఫైలు మార్చేయొచ్చు. సర్వీస్ తప్ప ఎవరూ రాయలేని చోటికి కాపీ చేసి, అక్కడే సరిచూడాలి.

చిక్‌పేటలో బేరాలు ఊపందుకున్న వేళే కరెంటు పోతుంది. నడుస్తున్న వెర్షన్ మీద రాయకు. డిస్క్‌లో రెండు పార్టిషన్లు (భాగాలు) పెట్టి, ఖాళీదాంట్లో రాసి, సరిచూశాకే ఏ భాగం నుంచి లేవాలో చెప్పే బూట్ గుర్తు మార్చు. మూడు ప్రయత్నాల్లో లేచి బిల్లు ప్రింట్ చేయకపోతే పాతదానికి తిరిగి రావాలి. పాత వెర్షన్లను అడ్డుకునే కౌంటర్‌ను ఆ పరీక్ష నెగ్గాకే పెంచు. ముందే పెంచావా, వెనక్కి దారి మూసుకుపోతుంది.

ఒక శాతం మిషన్లతో మొదలుపెట్టి, ఒక రోజు చూసి పెంచు. "కోడ్ కాదు, కాన్ఫిగే (సెట్టింగులే) కదా" అని దేన్నీ దాటవేయకు: 2024 జులై 19న దాదాపు 85 లక్షల విండోస్ మిషన్లను పడేసింది భద్రతా సాఫ్ట్‌వేర్ కంపెనీ క్రౌడ్‌స్ట్రైక్ పంపిన కంటెంట్ ఫైలే.

రిలీజ్ కీ పోతే ఏం చేస్తారన్న పేజీ ఖాళీగా ఉంది. రివ్యూకి ముందే రాసి పంపు.

ఆశీస్సులతో,
మీ అన్నయ్య