టెక్ సందేహాలు: ఛానల్ పేరు పక్కన ఆ ప్లస్ ఏమిటి?

ప్రశ్న: ఆస్టిన్‌లో ఉంటాం. టెక్సస్ యూనివర్సిటీ అమ్మాయిల వాలీబాల్ అంటే మా ఇంటిల్లిపాదికీ పిచ్చి. ఇదివరకు లాంగ్‌హార్న్ నెట్‌వర్క్‌లో చూసేవాళ్లం. ఆ ఛానల్ పోయింది. ఇప్పుడు మా కేబుల్‌లో ఎస్‌ఈసీ నెట్‌వర్క్ వస్తోంది కానీ, మ్యాచ్ టైమ్‌కి పెడితే వేరే ఎవరిదో ఆట నడుస్తోంది. షెడ్యూల్లో 'ఎస్‌ఈసీ నెట్‌వర్క్ ప్లస్' అని ఉంది. దానికి మళ్లీ డబ్బు కట్టాలా?

జవాబు: కట్టక్కర్లేదు. లాంగ్‌హార్న్ ఒక్క యూనివర్సిటీ కోసమే పుట్టిన ఛానల్. 20 ఏళ్లకు 30 కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుని ఈఎస్‌పీఎన్ 2011లో మొదలుపెట్టింది. పదమూడేళ్లు కూడా నిండకుండానే 2024 జూన్ 30న మూసేశారు. మర్నాడే టెక్సస్ వెళ్లి ఎస్‌ఈసీ అనే యూనివర్సిటీల క్రీడా కూటమిలో చేరింది మరి. ఇప్పుడు ఒక్క ఛానల్‌ని 16 యూనివర్సిటీలు పంచుకోవాలి. పెళ్లింట్లో ఒకటే బాత్రూమ్ ఉన్నట్టు! ఒకే సాయంత్రం నాలుగైదు మ్యాచ్‌లుంటే ఛానల్లో వచ్చేది ఒక్కటే. మిగతావి ఇంటర్నెట్‌లోకి పోతాయి. ఆ ప్లస్ అదే.

రిమోట్‌తో ఎంత వెతికినా దానికి ఛానల్ నంబర్ దొరకదు. అది ఈఎస్‌పీఎన్ యాప్‌లోనే ఉంటుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడే. యాప్‌లో లాగిన్లు రెండు. మొదటిది ఈమెయిల్‌తో చేసే ఈఎస్‌పీఎన్ ఖాతా. దానితో ఆగిపోతే, మ్యాచ్ నొక్కగానే సబ్‌స్క్రయిబ్ చేయమంటుంది. మనం కంగారుపడి కార్డు తీస్తాం. తీయకండి. సెట్టింగ్స్‌లో 'టీవీ ప్రొవైడర్' అని ఉంటుంది, అది రెండో లాగిన్. అక్కడ టీవీ మీద ఒక కోడ్ వస్తుంది. ఫోన్‌లో ఈఎస్‌పీఎన్ యాక్టివేట్ పేజీ తెరిచి ఆ కోడ్ కొట్టి, మీ కేబుల్ కంపెనీని ఎంచుకుని, బిల్లు కట్టేటప్పుడు వాడే పాస్‌వర్డ్ ఇవ్వాలి. ఆ పాస్‌వర్డ్ ఎవరికీ గుర్తుండదు కాబట్టి, మ్యాచ్‌కి గంట ముందే రీసెట్ చేసుకుని కూర్చోండి. మీ ప్యాకేజీలో అసలు ఛానల్ ఉంటేనే ప్లస్ కూడా తెరుచుకుంటుందని మర్చిపోకండి.

కేబుల్ తీసేసినవాళ్లకు ఈఎస్‌పీఎన్ అన్‌లిమిటెడ్ ఉంది, అంటే యాప్‌కే నేరుగా కట్టే చందా. 2025 ఆగస్టులో మొదలైనప్పుడు నెలకు 29.99 డాలర్లు. సీజన్ ఉన్న నెలలకే కట్టుకోవడం మంచిదని నా సలహా. పెద్ద ఫుట్‌బాల్ మ్యాచ్‌లు చాలావరకు ఏబీసీ ఛానల్లో వస్తాయి. సిగ్నల్ అందే చోట దానికి మామూలు యాంటెనా చాలు, నెలనెలా పైసా ఖర్చు ఉండదు.

ప్రశ్న: యాప్‌లో మ్యాచ్ చూస్తుంటే, స్టేడియంలో ఉన్న మా బావమరిది వాట్సాప్‌లో పాయింట్ ముందే చెప్పేస్తున్నాడు. నెట్ స్లోగా ఉందా?

జవాబు: నెట్ తప్పు కాదు. స్ట్రీమింగ్‌లో వీడియోని కొన్ని సెకన్ల ముక్కలుగా కోసి పంపుతారు. మధ్యలో ఆగిపోకుండా యాప్ కొన్ని ముక్కలు పోగేసుకుని మరీ ఆడిస్తుంది. వేగమైన ప్లాన్‌కి మారినా ఈ ఆలస్యం పూర్తిగా పోదు. మధ్యలో ఎప్పుడైనా పాజ్ చేసి ఉంటే మాత్రం 'లైవ్' బటన్ నొక్కండి. బావమరిదిని మ్యూట్ చేయండి.

ప్రశ్న: గుంటూరులో ఉంటాం. మా మనవరాలు అమెరికాలో కాలేజీ టీమ్‌లో ఆడుతుంది. యాప్‌లో చూద్దామంటే 'మీ ప్రాంతంలో లేదు' అంటోంది. వీపీఎన్ వేసుకోమని పక్కింటి కుర్రాడు చెబుతున్నాడు.

జవాబు: వద్దండీ. వీపీఎన్ అంటే మీరు వేరే దేశంలో ఉన్నట్టు యాప్‌ని నమ్మించే సాధనం. ఈ ప్రసార హక్కులు అమెరికా వరకే. వీపీఎన్‌తో దొంగదారిన వెళ్లడం యాప్ నిబంధనలకు విరుద్ధం, పైగా మ్యాచ్‌లు చూపించే యాప్‌లు చాలావరకు వీపీఎన్‌ని పట్టేస్తాయి. అక్కడున్న మీవాళ్లెవరైనా వీడియో కాల్‌లో స్క్రీన్ షేర్ చేసినా మాటలు వినిపిస్తాయేమో గానీ, బొమ్మ నల్లగా వచ్చే అవకాశమే ఎక్కువ. కాపీ చేయకుండా యాప్ వేసే తాళం అది. అందుకని మనవరాలి కాలేజీ క్రీడల వెబ్‌సైట్‌లో 'లైవ్ స్టాట్స్' ఉందేమో చూడండి. పాయింట్ పాయింట్‌కీ స్కోరు మారుతుంటుంది, ఎవరు కొట్టారో పేరు కూడా వస్తుంది. టెక్సస్ వైపు రాత్రి 7 గంటల మ్యాచ్ అంటే అక్టోబర్‌లో మీకు తెల్లవారుజాము 5:30. నవంబర్ మొదటి ఆదివారం వాళ్లు గడియారం వెనక్కి తిప్పుతారు కాబట్టి, ఆ తర్వాత 6:30కి లేచినా సరిపోతుంది.