గేదెలు ఈసుకుపోతుంటే మీ జ్వరం సంగతి కూడా చెప్పాలి

ప్రశ్న: నాకు ఆరు గేదెలు. ఏడాదిలో మూడు గేదెలు ఏడో నెల, ఎనిమిదో నెల చూడితో ఉండగా ఈసుకుపోయాయి. రెండింటికి మాయ పడకపోతే నేనే చేత్తో తీశాను. వేడి చేసిందని, కాల్షియం తగ్గిందని మందుల షాపతను చెబితే కాల్షియం, హార్మోన్ ఇంజెక్షన్లు, మూడు రోజులు టెట్రాసైక్లిన్ వాడాను. ఇంకా ఏం వాడాలి? రెండు నెలలుగా నాకూ సాయంత్రమయ్యేసరికి జ్వరం, నడుం నొప్పి. టైఫాయిడ్ అన్నారు, రెండుసార్లు కోర్సు వాడినా తగ్గలేదు. అందువల్ల పశువులను సరిగా చూసుకోలేకపోయాను. పాలు పితకడం, కొట్టం శుభ్రం చేయడం కోడలే చూస్తోంది, ఆమెకు ఇప్పుడు నాలుగో నెల.

జవాబు: వేడీ కాదు, కాల్షియమూ కాదు. మీరు చివర్లో సాకులా రాసిన జ్వరమే ఈ ఉత్తరంలో అసలు సంగతి. ఆరు నెలలు దాటిన చూడి గేదెలు వరసగా ఈసుకుపోయి, మాయ పడక, ఆ మాయ తీసిన మనిషికి విడవకుండా జ్వరం వస్తుంటే ముందు అనుమానించాల్సింది బ్రూసెల్లోసిస్‌ని. ఈసుకుపోవు రోగం అంటే అదే. లెప్టోస్పైరా అనే ఇంకో క్రిమి లాంటి ఇతర కారణాలూ లేకపోలేదు, అవి పరీక్షలో తేలతాయి. షాపు కౌంటర్ దగ్గర తేలవు.

మాయ చేత్తో తీశానని రాశారు. గ్లవ్స్ ఉన్నాయా? ఉంటే రాసేవారే. ఈసుకుపోయిన పిండం, మాయ, ఉమ్మనీరు నిండా ఈ క్రిములే. గోరు పక్కన చిన్న చీలిక చాలు, కంట్లో పడిన చుక్క చాలు. పచ్చిపాలతోనూ వస్తుంది. సాధారణంగా వారం నుంచి నాలుగు వారాల్లో జ్వరం మొదలవుతుంది, ఒక్కోసారి నెలలు పడుతుంది.

మిమ్మల్ని చూసిన డాక్టరును నేను పూర్తిగా తప్పుపట్టను. ఇంట్లో పశువులున్నాయా, ఈమధ్య ఏదైనా ఈసుకుపోయిందా అని అడగడం వైద్య విద్యార్థికి అలవాటు చేయాలి. పశువైద్యులం మేమూ అంతే, పశువుకు సూది వేసి వెళ్లిపోతాం కానీ ఇంట్లో ఎవరికైనా జ్వరమా అని అడగం. మనుషుల వైద్యానికీ పశువుల వైద్యానికీ మధ్య ఈ గోడ పాతదే. మనుషుల్లో ఈ జాతి క్రిమిని డేవిడ్ బ్రూస్ అనే డాక్టరు మాల్టాలో 1887లో పట్టుకున్నాడు. ఆవులను ఈసుకుపోయేలా చేసే క్రిమిని 1897లో డెన్మార్క్‌లో బాంగ్ అనే పశువైద్యుడు పట్టుకున్నాడు. ఈ రెండూ దగ్గరి చుట్టాలని అమెరికా శాస్త్రవేత్త ఆలిస్ ఇవాన్స్ 1918లో చెప్పేవరకు ఎవరి క్రిమి వారిదే. ఆమె చెప్పినా చాలామంది నమ్మలేదు. 1922లో ఆమెకే ఈ జ్వరం పట్టుకుంది.

నా సంగతీ చెబుతాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో పెయ్యదూడకు ఈ రోగం రాకుండా వేసే ఎస్-19 టీకా వేస్తుంటే అది తల విదిలించింది, సూది నా బొటనవేలికి దిగింది. అది బతికున్న క్రిమితో చేసిన టీకా. మూడు వారాలకు జ్వరం. ఆస్పత్రిలో మలేరియా అన్నారు, తర్వాత టైఫాయిడ్ అన్నారు. సూది సంగతి నేనే చెప్పలేదు, గుచ్చుకున్నదానికి ఇదంతా ఎందుకని. పశువైద్యం చదివిన నాకే తట్టలేదు, ఇక మిమ్మల్ని ఏమనను?

ఇప్పుడు చేయాల్సింది. ఆరు గేదెలకూ రక్తపరీక్ష చేయించండి, ఈసుకుపోయిన మూడింటికే కాదు. రోజ్ బెంగాల్ పరీక్షతో మొదలుపెట్టి ఎలీసాతో నిర్ధారిస్తారు. ఈసుకుపోయిన కొత్తలో రక్తంలో తేలకపోవచ్చు, నెగెటివ్ వస్తే 30 రోజులకు మళ్లీ తీయించాలి. పాజిటివ్ వచ్చిన గేదెను వేరుగా కట్టండి. దీనికి పశువుల్లో నమ్మకమైన వైద్యం లేదు. బాగానే తిరుగుతూ, మళ్లీ ఈనుతూ, ఏళ్ల తరబడి పాలలో క్రిమిని వదులుతూనే ఉంటుంది. దాన్ని ఏం చేయాలో పశువైద్యుడితో కూర్చుని తేల్చుకోండి కానీ, గుట్టుగా ఇంకొకరి కొట్టంలోకి తోలకండి. గేదెలను దాటించే దున్నపోతు ఉంటే దానికీ పరీక్ష చేయించాలి.

మళ్లీ ఏదైనా ఈసుకుపోతే పిండాన్ని, మాయను పెంటకుప్ప మీద పడేయవద్దు, కాలువలో వేయవద్దు. కుక్క లాక్కెళితే ఊరంతా పంచినట్టే. తడి నేలలో, నీడలో ఈ క్రిమి నెలల తరబడి బతుకుతుంది. ముందు పశువైద్యుడికి కబురు పెట్టి నమూనా తీయించండి. మిగిలింది బావికి, చెరువుకు దూరంగా ఆరడుగుల గొయ్యి తీసి, కిందా పైనా సున్నం చల్లి పూడ్చండి. గేదె పడుకున్న చోట చెత్త ఎత్తి, కడిగి, 1 శాతం సోడియం హైపోక్లోరైట్ పోసి అరగంట వదిలేయండి. డబ్బా మీద 5 శాతం అని ఉంటే ఒక వంతు మందుకు నాలుగు వంతుల నీళ్లు. పేడ తీయకుండా మందు పోస్తే మందు దండగ.

పాలు పొంగు వచ్చేదాకా కాచే వాడండి. దూడ తాగగా మిగిలినవే కదా అని పచ్చివి ఎవరికీ పోయవద్దు.

టెట్రాసైక్లిన్ సంగతి వదలను. ఈ క్రిమి కణాల లోపల దాక్కుంటుంది, మూడు రోజుల సూదికి లొంగదు. ఆ మందు మాత్రం పాలలోకి వస్తుంది, పేడతో పొలంలోకి వెళుతుంది, అక్కడి వేరే క్రిములకు మందును తట్టుకోవడం నేర్పుతుంది. ఆ రోజుల పాలు పారబోశారా? సీసా మీద ఎన్ని రోజులు ఆపాలో రాసి ఉంటుంది, అమ్మినవాడు చదివి చెప్పడు. మీ జ్వరానికి డాక్టరు ఇవ్వాల్సి వచ్చేది ఆ కుటుంబం మందే: డాక్సీసైక్లిన్ 100 మిల్లీగ్రాములు రోజుకు రెండుసార్లు ఆరు వారాలు, దానికి తోడు ఇంకో మందు. అదీ పరీక్షలో తేలాకే. ఇది చదివి షాపుకు పరిగెత్తకండి, మధ్యలో మానితే జ్వరం తిరగబెడుతుంది.

టీకా మీ గేదెలకు కాదు, నాలుగు నుంచి ఎనిమిది నెలల పెయ్యదూడలకు. జన్మకు ఒక్కసారి. చూడి పశువుకు, దున్నదూడకు వేయించవద్దు. వేసేటప్పుడు దూడను గట్టిగా పట్టుకోండి, ఎందుకో పైన చదివారు.

రేపే డాక్టరు దగ్గరకు వెళ్లి ఈ చీటీ ఇవ్వండి: "మూడు గేదెలు ఈసుకుపోయాయి. మాయ చేత్తో తీశాను. రెండు నెలలుగా జ్వరం. బ్రూసెల్లా పరీక్ష కావాలి." రక్తం కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి చూసే పరీక్షకు పంపితే ల్యాబ్ వాళ్లకు ఆ అనుమానం ముందే చెప్పమనండి, అక్కడ పనిచేసేవాళ్లకూ సోకుతుంది.

కోడలిని ఈరోజు నుంచే కొట్టంలోకి పంపవద్దు. గర్భం పోయే ప్రమాదం ఆమెకూ ఉంది. జ్వరం లేకపోయినా ఆమెనూ వెంట తీసుకెళ్లండి. నాలుగో నెల అని మొదటి మాటగా చెప్పండి, డాక్సీసైక్లిన్ ఆమెకు పనికిరాదు, ఇచ్చే మందులు వేరు.