అలమరలో ఎనభై పుస్తకాలు, పొయ్యి మీద పాతిక వంటలు

ప్రశ్న: ముప్పై ఏళ్ళుగా కొన్నవీ, చుట్టాలు ఇచ్చినవీ కలిపి వంట పుస్తకాలు ఎనభై దాకా ఉన్నాయి. ఇల్లు మారుతున్నాం. కొత్త వంటింట్లో వాటికి ఒక్క అర మాత్రమే దొరుకుతుంది. ఏది తీసినా ‘ఎప్పుడైనా పనికొస్తుందేమో’ అనిపించి మళ్ళీ అక్కడే పెట్టేస్తున్నాను. ఏవి ఉంచాలో ఎలా తేల్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, అమలాపురం

జవాబు: ముందు పుస్తకాలు కదపకండి. నాలుగు వారాల పాటు మీరు వండినవన్నీ రాయండి. పాల లెక్క రాసుకునే క్యాలెండర్ గడిలోనే చోటు సరిపోతుంది. ‘పప్పు, దొండకాయ వేపుడు, చారు’ అని రాస్తే చాలు. పుస్తకం చూసి వండిన దాని పక్కన ‘పు’ అని పెట్టండి. నెలాఖరుకి లెక్క చూడండి. చాలా ఇళ్ళలో తిరిగి తిరిగి వచ్చేవి పాతిక వంటలకు మించవు, వాటిలో ‘పు’ పడ్డవి రెండో మూడో ఉంటాయి.

ఇక్కడే చాలామంది పొరపడతారు. రోజూ వండుకునేవి కదా అని కూరలు, పప్పుల పుస్తకాలు ఉంచేసి, ఏడాదికోసారి తీసే పిండివంటలు, నిల్వ పచ్చళ్ళ పుస్తకాలు తీసేస్తారు. చెయ్యాల్సింది దీనికి సరిగ్గా తలకిందులు. బీరకాయ పప్పుకి మీకు పుస్తకం అక్కర్లేదు, అది చేతికి వచ్చేసింది. సంక్రాంతికి ఒక్కసారి వండే అరిసెల కొలతే ఏడాది తిరిగేసరికి మర్చిపోతాం. కిలో బియ్యానికి ముప్పాతిక కిలో బెల్లం, బియ్యం ఒక రోజంతా నానడం, పిండి తడారకుండా చూడటం, నీళ్ళలో వేస్తే మెత్తటి ఉండ కట్టేదాకా పాకం పట్టడం. వీటిలో ఏది తప్పినా సరుకంతా పాడవుతుంది. పాకం లేతదైతే అరిసె నూనెలో విచ్చిపోతుంది, ముదిరితే గట్టిపడుతుంది, పిండి ఆరిపోతే పగులుతుంది. కాబట్టి పాకం వంటలు, ఊరగాయలు, కేకులు ఈ మూడింటికీ కొలతలున్న పుస్తకం కావాలి. మిగతా వాటికి చాలావరకు అక్కర్లేదు.

నాలుగు వారాల లెక్క ఒక్క కాలాన్నే చూపిస్తుందని కూడా గుర్తుంచుకోండి. శ్రావణంలో రాసుకుంటే అందులో పనసపొట్టు కనపడదు, మాఘంలో రాసుకుంటే పులస ఉండదు. కాలానికీ పండగకీ సంబంధించిన పుస్తకాలను ఈ లెక్కలోకి లాగకుండా పక్కన పెట్టండి.

ఇక పుస్తకాలకి పరీక్ష. మీకు కళ్ళు మూసుకున్నా వచ్చే వంట ఒకటి ఎంచుకోండి. ప్రతి పుస్తకంలోనూ ఆ వంట ఉన్న పేజీ మాత్రం చదవండి. ఉదాహరణకి పనసపొట్టు కూర. పొట్టుని పసుపు, ఉప్పు వేసి ఉడికించాక నీళ్ళు గట్టిగా పిండెయ్యాలని రాశారా? పోపులో వేసి, చింతపండు గుజ్జు కలిపి, తడి ఇగిరేదాకా మగ్గనివ్వాలని చెప్పారా? అన్నిటికన్నా ముఖ్యం, ఆవ ఎప్పుడు పెట్టమన్నారు? కూర దించి, చల్లారాక పెట్టాలి. ఆవగింజని తడిపి నూరినప్పుడే ఘాటు పుడుతుంది, దాన్ని పుట్టించే ఎంజైము వేడికి నిలవదు. ‘ఆవముద్ద వేసి అయిదు నిమిషాలు ఉడికించి దించండి’ అని ఉంటే రాసినవారు ఆ కూర వండి చూడలేదని అర్థం. మీకు తెలిసిన వంటలోనే అంత తప్పు దొర్లితే, తెలియని వంటల్లో ఆ పుస్తకాన్ని ఏ ధైర్యంతో నమ్ముతారు? దాన్ని తీసెయ్యండి.

‘తగినంత’ అని రాసినంత మాత్రాన పుస్తకం పనికిరానిదైపోదు. కూరలో ఉప్పు తగినంత అంటే తప్పులేదు. పాకానికి నీళ్ళు తగినంత అంటేనే తప్పు.

ఒకే ఆవకాయ తొమ్మిది పుస్తకాల్లో ఉంటే వాటిలో బాగా రాసింది ఒకటి ఉంచండి. పుస్తకం మొత్తంలో ఒకటో రెండో వంటలే బాగుంటే వాటిని నోటుబుక్కులో చేత్తో రాసుకుని, ఏ పుస్తకంలోదో పక్కన రాసి, పుస్తకాన్ని వదిలెయ్యండి. ఎనభై పుస్తకాలూ ఒకేసారి కింద దించితే మధ్యాహ్నానికే ఓపిక పోయి అన్నీ మళ్ళీ అలమర ఎక్కేస్తాయి. రోజుకి ఒక్క అర, మంచం మీద పట్టినన్నే తియ్యండి. ఎటూ తేలనివి అట్టపెట్టెలో వేసి, పైన తేదీ రాసి కట్టెయ్యండి. ఒక సంక్రాంతి నుంచి మరో సంక్రాంతి దాకా ఆ పెట్టె విప్పాల్సిన పని పడకపోతే, అందులోవి మీకు అక్కర్లేనట్టే.

ప్రశ్న: మా అత్తగారి చేతిరాత నోటుబుక్కు దొరికింది. సోల, గిద్ద, వీశె, పదలం అని రాసుంది. ఈ కాలపు కొలతల్లోకి ఎలా మార్చుకోవాలి?
– ఒక పాఠకురాలు, పాలకొల్లు

జవాబు: ఈ ఒక్క పుస్తకం కోసం మిగతా అలమరంతా ఖాళీ చేసినా తప్పులేదు. ముందు దీన్ని జెరాక్స్ తీయించి, వంటింట్లోకి ఆ కాపీనే తీసుకెళ్ళండి. ఇంక్‌జెట్ ప్రింటు తడి తగిలితే చెదిరిపోతుంది, జెరాక్స్ చెదరదు.

తూకం కొలతలు తేలిక. వీశెకి 120 తులాలు, అంటే సుమారు 1.4 కిలోలు. వీశెలో 40 పలాలు ఉంటాయి కాబట్టి పదలం (పది పలాలు) 350 గ్రాములు, ఏబలం (అయిదు పలాలు) 175 గ్రాములు. తూకపు శేరు 280 గ్రాములు. తులం అంటే 11.66 గ్రాములు. బంగారం కొట్లో ఇప్పుడు వాడుకలో ఉన్న 10 గ్రాముల తులంతో లెక్క వెయ్యకండి. తూనికలు, కొలతల చట్టం 1956లో వచ్చాక దశలవారీగా గ్రాములు, కిలోలు అమల్లోకి వచ్చాయి. కానీ ఇళ్ళలో పాత లెక్క ఆ తర్వాత కూడా చాలాకాలం నడిచింది, కాబట్టి నోటుబుక్కు మీదున్న సంవత్సరం చూసి కొలత ఏదో తేల్చెయ్యకండి.

చిక్కంతా పాత్ర కొలతలతోనే. నాలుగు గిద్దలు ఒక సోల, రెండు సోలలు ఒక తవ్వ, రెండు తవ్వలు ఒక మానిక అన్న వరస మారదు. అయితే సోల పాత్ర ఊరూరికీ కొంచెం తేడాగా ఉండేది. మీ ఇంట్లో పాత సోల ఉంటే అందులో బియ్యం తలకొట్టి తూచండి, నీళ్ళు పోసి మిల్లీలీటర్లలో కూడా కొలవండి. రెండూ నోటుబుక్కు మొదటి పేజీకి చీటీ పెట్టి రాయండి, పేజీ మీద మాత్రం రాయకండి. సోల లేకపోయినా దిగులక్కర్లేదు. ‘రెండు సోలల బియ్యానికి సోల పెసరపప్పు’ అంటే రెండుకి ఒకటి, ఏ గ్లాసుతో కొలిచినా అంతే.

ఉప్పు దగ్గర మాత్రం జాగ్రత్త. ఆ రోజుల్లో ఆవకాయకి సోల ఉప్పు అంటే కల్లుప్పు ఎండబెట్టి దంచినది. ఇప్పటి ప్యాకెట్ ఉప్పు సన్నగా ఉండి, అదే సోలలో బాగా కూరుకుని ఎక్కువ బరువు తూగుతుంది, దాంతో ఊరగాయ ఉప్పుకషాయం అవుతుంది. మరుసటేడు భయపడి సగానికి తగ్గిస్తే బూజు పడుతుంది. కల్లుప్పు దంచి ఒకసారి సోలతో కొలిచి తూచండి. ఆ తర్వాత ఏ ఉప్పు వాడినా అన్ని గ్రాములే వెయ్యండి.

అత్తగారు ఇప్పటికీ వండుతుంటే ఇంకో మార్గం ఉంది. ‘ఎంత వేశారండీ’ అని అడిగితే ‘చూసి వెయ్యడమేనమ్మా’ అంటారు. అడగడం మానేసి, వంటకి ముందు ఉప్పు డబ్బా, కారం డబ్బా, నూనె గిన్నె తూచి పెట్టుకోండి. వంటయ్యాక మళ్ళీ తూచండి. తగ్గినంతా ఆవిడ వేసిందే. ఒకే వంటని మూడుసార్లు ఇలా తూచి సగటు తీస్తే ఆవిడ చెయ్యి కాగితం మీదకి వస్తుంది.

ప్రశ్న: పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు వండినా మా ఇంటి రుచి రావడం లేదు. అసలు నా వంట తీరు ఏమిటో ఎలా తెలుసుకోవాలి?
– ఒక పాఠకుడు, భీమవరం

జవాబు: తప్పు మీదీ కాదు, చాలాసార్లు పుస్తకానిదీ కాదు. ఏ ఇంటి వంట తీరైనా నాలుగు విషయాల్లో పట్టుబడుతుంది. పులుపు దేంతో, కారం ఏ రూపంలో, తీపి పడుతుందా లేదా, పోపు ఎప్పుడు. మీరు ఎక్కువగా వండే పది వంటలు తీసుకుని ఒక్కోదానికీ ఈ నాలుగూ రాయండి. పులుపు చింతపండా, మామిడికాయా, చింతచిగురా, నిమ్మా? కారం ఎండుకారమా, పచ్చిమిర్చి ముద్దా, పోపులో ఎండుమిర్చా? పులుసులో కుంకుడుకాయంత బెల్లం వేస్తారా? గోదావరి జిల్లాల్లో ముక్కల పులుసుకి బెల్లం వేసే ఇళ్ళు ఎక్కువ. అది లేని పుస్తకం చూసి వండి ‘ఏదో తక్కువైంది’ అనుకుంటారు.

పదింటికీ రాశాక మళ్ళీ మళ్ళీ వచ్చిన జవాబులు చూడండి. పదిలో ఏడుసార్లు పచ్చిమిర్చి, అల్లం ముద్దే వచ్చిందనుకోండి. ఎండుకారం మీద నడిచే పుస్తకాలు ఎన్ని కొన్నా అవి మీ చేతికి పొసగవు. అలాంటి పుస్తకంలో వంట బాగుందనిపిస్తే కారం మీ తీరులోకి మార్చుకుని వండండి, మిగతాది అందులో ఉన్నట్టే ఉంచండి. ఒకేసారి రెండు మార్చారంటే రుచి ఎక్కడ చెడిందో తెలియదు.

తర్వాత మీ సొంత మూలకొలత కట్టుకోండి. కూరగాయలు అరకిలో అనుకుంటే ఉప్పు అయిదారు గ్రాములతో మొదలుపెట్టండి, అంటే తలకొట్టిన టీస్పూను. నిమ్మకాయంత చింతపండు మీ చేతిలో ఎన్ని గ్రాములో ఒక్కసారి తూచండి. సాధారణంగా 25, 30 గ్రాముల మధ్య తూగుతుంది, కానీ మీ నిమ్మకాయ మీది. ‘రెండు చెంచాల కారం’ దగ్గరా ఇదే ఇబ్బంది. రంగు కోసం వాడే మిరప వేరు, గుంటూరు మిరప ఘాటు వేరు. కొత్త కారం డబ్బా విప్పినప్పుడల్లా మొదటి కూరలో పుస్తకం చెప్పినదాంట్లో సగమే వేసి, రుచి చూసి పెంచండి. ఎంత పట్టిందో పుస్తకం అంచున పెన్సిల్‌తో తేదీతో సహా రాయండి. అంచుల్లో రాతలున్న పుస్తకమే మీది, దాన్ని ఉంచుకోవాలా వద్దా అన్న ప్రశ్నే రాదు.

ప్రశ్న: పత్రికల్లోంచి కత్తిరించిన వంటల కాగితాలు రెండు బిస్కెట్ డబ్బాల నిండా ఉన్నాయి. ఫోనులో ఫొటోలు అదనం.
– ఒక పాఠకురాలు, రామచంద్రపురం

జవాబు: అన్నీ చదువుతూ కూర్చోకండి. పన్నెండు కాగితాలు తీసి ఫ్రిజ్ తలుపు మీద క్లిప్పుకి పెట్టండి. వారానికి ఒకటి వండండి. తిన్న రోజే దాని మీద ‘మళ్ళీ’ అనో ‘వద్దు’ అనో రాయండి. ‘మళ్ళీ’ అన్నవి నోటుబుక్కులోకి ఎక్కించండి, ‘వద్దు’ అన్నవి చించెయ్యండి. మూడు నెలలైనా చేతికి తియ్యబుద్ధి కాని కాగితం కూడా ‘వద్దు’ కిందే లెక్క. గుండుసూదులు తీసెయ్యండి, మన గాలికి తుప్పుపట్టి కాగితాన్ని తినేస్తాయి. సెల్లోటేపు కూడా వద్దు, కొన్నాళ్ళకి పసుపుపచ్చగా మారి ఊడొస్తుంది, మరక మాత్రం ఉండిపోతుంది. ఫోనులోవాటికీ ఇదే పద్ధతి.

ప్రశ్న: మాది కాలవ గట్టు ఇల్లు. వానాకాలం వచ్చిందంటే వంట పుస్తకాలకి బూజు, వెండిలా మెరిసే సన్నటి పురుగులు. ఏం చెయ్యాలి?
– ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: పుస్తకాల అర పొయ్యికి పైన గానీ, స్నానాలగది గోడకి ఆనించి గానీ ఉంటే ముందు చోటు మార్చండి. గోడకీ అలమరకీ మధ్య మూడు అంగుళాలు, నేలకీ కింది అరకీ మధ్య కనీసం అడుగు ఎడం ఉండాలి. పుస్తకాలు బిర్రుగా కుక్కకండి, గాలి ఆడాలి.

బూజుని తడిగుడ్డతో తుడవకండి, లోపలికి పాకుతుంది. ముక్కుకి గుడ్డ కట్టుకుని, ఎండ నేరుగా పడని గాలి చోట పేజీలు విప్పి ఆరబెట్టండి. పూర్తిగా ఆరాక బయటే మెత్తటి బ్రష్‌తో దులపండి. తడి ఆరకుండా ప్లాస్టిక్ కవర్లో పెడితే బూజు రెట్టింపవుతుంది.

ఆ పురుగులకి గంజి, జిగురు ఇష్టం, అందుకే పుస్తకం వెన్ను దగ్గర చేరతాయి. మైదా జిగురుతో అట్టలు వెయ్యడం మానండి. పురుగు పట్టిన పుస్తకాన్ని పొడిగా ఉన్నప్పుడే గాలి చొరని కవర్లో మూసి, డీప్ ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. బయటికి తీశాక ఒక రోజంతా కవరు విప్పకండి, విప్పితే చల్లటి కాగితం మీద గాలిలోని తేమ చేరి తడుస్తుంది. నాఫ్తలీన్ ఉండలు వంటింట్లో వద్దు. చెద కనపడితే పుస్తకాలు వెంటనే బయటికి తెచ్చి, మందు గోడకీ చెక్కకీ వేయించండి, పుస్తకాలకి కాదు.

ప్రశ్న: తీసేసిన పుస్తకాలు ఎవరికి ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, తణుకు

జవాబు: పురుగు, బూజు పట్టినవి ఎవరికీ ఇవ్వకండి, వాళ్ళ అలమర కూడా పాడవుతుంది. బాగున్నవాటిలో కొలతలు సరిగా ఉన్నవి కొత్తగా కాపురం పెట్టినవాళ్ళకి, హాస్టల్ వదిలి గది తీసుకున్న పిల్లలకి ఇవ్వండి. ఒక్కొక్కరికి ఒక్కటి చాలు, మీకు బాగా కుదిరిన వంట పేజీలో చీటీ పెట్టి ఇస్తే వండుకుంటారు. గ్రంథాలయానికి ఇవ్వాలనుకుంటే ముందు వెళ్ళి అడగండి, చెప్పకుండా పెట్టె దింపి రావద్దు. కేకుల పుస్తకాల్లో కప్పు ఎన్ని మిల్లీలీటర్లో, ఓవెన్ వేడి ఎన్ని డిగ్రీలో రాయనివి పాత కాగితాల్లో వెయ్యడమే మంచిది, తీసుకున్నవాళ్ళ సరుకు కూడా పాడవుతుంది. ఏది ఇచ్చినా, ఇచ్చే ముందు వెన్ను రెండు వైపులా పట్టుకుని పేజీలు కిందికి వేలాడేలా దులపండి. అమ్మ చేతిరాతతో ఉన్న పచ్చడి కొలత చీటీలు ఎక్కువగా ఇలాంటి పుస్తకాల మధ్యే ఇరుక్కుని ఉంటాయి.