గ్రాఫిక్ నవల అరగంటలో అయిపోతుంటే అందులో చదవడానికి ఏముంది?

పేరున్న గ్రాఫిక్ నవల, అంటే బొమ్మల్లో నడిచే పెద్ద కథ, కొంటే అరగంటలో అయిపోయిందనీ, పెద్దవాళ్లు వీటిలో ఏం చూసి మెచ్చుకుంటారో అర్థం కాలేదనీ రాశారు. చిన్నప్పుడు బొమ్మల కథలు పట్టుకుని ఇప్పటికీ వదలని మనిషిగా నాకు తెలిసింది చెబుతాను.

అరగంటలో అయిపోయిందంటే మీరు మాటలు మాత్రమే చదివి ఉంటారు. అక్షరాలు చదవడం అందరికీ నేర్పుతారు, బొమ్మ చదవడం ఎవరూ నేర్పరు. అందుకే కన్ను నేరుగా పాత్రల మాటలు రాసే బుడగ మీదికి దూకి, అటు నుంచి అటే పక్క గడిలోని, అంటే పక్క బొమ్మలోని, బుడగకు వెళ్లిపోతుంది. సగం కథ అక్కడే జారిపోతుంది.

ఆర్ట్ స్పీగల్‌మన్ 'మౌస్' తీసుకోండి. నాజీల మారణహోమం నుంచి బతికి బయటపడ్డ తన తండ్రి కథ అది. యూదుల్ని ఎలుకలుగా, జర్మన్లను పిల్లులుగా గీశాడు. 1992లో దానికి పులిట్జర్ ప్రత్యేక పురస్కారం ఇచ్చారు. మొదటి భాగంలో ఒక బొమ్మ ఉంది. తలదాచుకునే చోటు లేక ఆ తండ్రీ, అతని భార్యా నడిచిపోతుంటారు. వాళ్ల ముందున్న దారులు నాజీల స్వస్తిక ఆకారంలో చీలి ఉంటాయి. ఎటు తిరిగినా చిక్కేది వాళ్ల చేతికే! ఆ సంగతి ఏ బుడగలోనూ రాసి ఉండదు. రెండో భాగంలో రచయిత తనను తాను మనిషి ముఖానికి ఎలుక ముసుగు కట్టుకున్నట్టు గీసుకున్నాడు. తండ్రి పడ్డ బాధ మీద తనకెంత హక్కుందన్న మథన అంతా నాకు ఆ ముసుగులోనే కనిపిస్తుంది.

ఇక గడికీ గడికీ మధ్య ఉండే ఖాళీ. దాన్ని గట్టర్ అంటారు. స్కాట్ మెక్‌క్లౌడ్ 1993లో కామిక్స్ ఎలా పనిచేస్తాయో వివరిస్తూ వేసిన పుస్తకాన్ని కూడా కామిక్‌గానే గీశాడు. అందులో ఒక గడిలో ఒకడు గొడ్డలి ఎత్తుతాడు, పక్క గడిలో రాత్రివేళ నగరం మీద ఒక కేక. వేటు మాత్రం ఎక్కడా గీయలేదు. ఆ వేటు వేసింది చదువుతున్న మనమే. సినిమా ఈ పని మనకు వదలదు, దాని వేగం దానిదే. ఇక్కడ కాలాన్ని నడిపేది చదివేవాళ్లు. నాకు కామిక్స్ మీద ఇంత ఇష్టం దీనివల్లే.

నేను చదివే పద్ధతి చెబుతాను. పేజీ తిప్పగానే మాటల జోలికి పోకుండా ముందు పేజీ మొత్తాన్ని ఒకసారి చూస్తాను. ఏ గడి పెద్దది, ఎక్కడ నలుపు చిక్కగా ఉంది, ఎక్కడ ఎవరూ మాట్లాడటం లేదు అని. ఆ తర్వాతే చదువుతాను. పుస్తకం నచ్చితే కొన్నాళ్లాగి బొమ్మల కోసమే మళ్లీ తిరగేస్తాను.

హాస్యం దగ్గరికొస్తే సమయమే ప్రాణం. మంచి కామిక్ స్ట్రిప్‌లో చాలాసార్లు చివరి గడికి ముందు మాటల్లేని గడి ఒకటి వస్తుంది. అక్కడ ఆగకపోతే నవ్వు రాదు. హాస్య పుస్తకాలు ఒక్క బిగిన చదివేయడం కూడా నాకు నచ్చదు. పది పేజీలు దాటాక మంచి చమత్కారం కూడా చప్పబడుతుంది. ముళ్లపూడి వెంకటరమణ 'బుడుగు' లాంటిదైతే పైకి చదవండి, పక్కన ఎవరైనా వింటుంటే మరీ మంచిది. ఆ పిల్లాడి ధోరణి చెవికి తగలాలి. మధ్య మధ్య బాపు బొమ్మ దగ్గర ఆగి, మాటల్లో లేనిది అందులో ఏముందో చూడండి.

మళ్లీ మొదలుపెట్టాలనుకుంటే మర్జానె సత్రపి 'పెర్సెపోలిస్' నా సలహా. 1979 విప్లవం నాటి ఇరాన్‌లో ఒక అమ్మాయి బాల్యం, అంతా నలుపు తెలుపుల్లోనే. గీతలు సాదాగా ఉంటాయి కాబట్టి బొమ్మ చదవడం అలవాటు లేనివాళ్లకు తేలిగ్గా పట్టుబడుతుంది. జపాన్ కామిక్స్ అయిన మాంగా వైపు వెళితే మాత్రం ముందే చూసుకోండి, చాలావాటిని కుడి నుంచి ఎడమకు చదవాలి.